ఇరుగుపొరుగు పిల్లలకు విలువల క్లాసు: మీ ప్రశ్నలు, మా జవాబులు

సెలవు రోజున చుట్టుపక్కల పిల్లల్ని పోగుచేసి నాలుగు మంచి గుణాలు నేర్పాలని చాలామందికి ఉంటుంది. మొదలుపెట్టాక ఎక్కడో ఒకచోట కాలికి రాయి తగులుతుంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అలాంటి రాళ్ల గురించి అడిగినవాటికే ఎక్కువ చోటిచ్చాం.

మా చుట్టూ ఉన్న ఇళ్లలో పదిహేను మంది దాకా పిల్లలున్నారు. నాలుగేళ్ల నుంచి పదకొండేళ్ల దాకా అన్ని వయసులవాళ్లూ ఉన్నారు. వారానికోసారి మా హాల్లో విలువల క్లాసు పెడదామనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టాలి? – ఒక గృహిణి

పిల్లలతో కాదు, వాళ్ల పెద్దవాళ్లతో మొదలుపెట్టండి. మొదటి క్లాసుకు రెండు వారాల ముందే ప్రతి ఇంటికీ వెళ్లి పది నిమిషాలు కూర్చోండి. ఏం నేర్పుతారో, మీతో పాటు ఇంకెవరుంటారో, ఎంతసేపు జరుగుతుందో చెప్పండి. పిల్లలకు పడని తిండి ఏదైనా ఉందా, ఆస్తమా, మూర్ఛ లాంటివి ఉన్నాయా, ఎవరు దింపి ఎవరు తీసుకెళ్తారు, ఫొటోలు తీస్తే అభ్యంతరమా అని అడగండి. జవాబులన్నీ ఒక కాగితం మీద రాయించుకుని రెండు ఫోన్ నంబర్లు, సంతకం తీసుకోండి. వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టి మొదలుపెట్టిన క్లాసులు మొదటివారం కిటకిటలాడి నాలుగోవారానికి పలచబడిపోతుంటాయి. ఎందుకు పంపుతున్నారో ఇంట్లోవాళ్లకే తెలియకపోతే, చుట్టాలొచ్చినా చినుకు పడినా ముందు మానేసేది మీ క్లాసే.

పదిహేను మందినీ ఒకే చాప మీద కూర్చోబెట్టకండి. ఐదేళ్ల పిల్లకీ పదకొండేళ్ల పిల్లాడికీ తప్పొప్పులు ఒకేలా కనబడవు. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే 1932లో అచ్చువేసిన పరిశీలనల్లో ఒకటి మీకు పనికొస్తుంది. ఒక పిల్లవాడు తెలియక తలుపు తోస్తే వెనకున్న 15 కప్పులు పగిలాయి. ఇంకొకడు అమ్మ చూడకుండా జామ్ తీయబోతే ఒక్క కప్పు పగిలింది. ఎవరిది పెద్ద తప్పు? చిన్నపిల్లలు తరచూ 15 కప్పులవాడిదే అంటారు. కాస్త పెద్ద పిల్లలు ఉద్దేశం చూస్తారు. ఈ రెండు వయసులవాళ్లనీ పక్కపక్కన కూర్చోబెట్టి 'క్షమించడం' గురించి మాట్లాడితే ఒకరికి అర్థం కాదు, రెండోవారికి విసుగు. 5 నుంచి 8 ఏళ్లవాళ్లని ఒక గుంపు చేయండి. తొమ్మిది దాటినవాళ్లకి వేరే గంట కేటాయించండి, లేదా వంతులవారీగా మీకు సాయంగా పెట్టుకోండి. నాలుగేళ్లవాళ్లు ఇంటి మనిషి పక్కనుంటేనే రావాలి.

ఒక గుంపుకి ఎనిమిది నుంచి పది మంది చాలు. పెద్దవాళ్లు మాత్రం ఎప్పుడూ ఇద్దరుండాలి. రెండోవాళ్లు రాలేకపోతే ఆ వారం క్లాసు రద్దు చేయండి, మొహమాటపడకండి. ఒకరు నడిపిస్తుంటే రెండోవాళ్లు అంచున కూర్చుని చూస్తారు. ఎవరికి బాత్రూమ్ అవసరం, ఎవరు ముభావంగా ఉన్నారు, ఎవరి చెయ్యి ఎవరి జడ మీదకు పోతోంది, ఇదంతా వాళ్ల పని. ఏ పెద్దవాళ్లూ ఏ పిల్లతోనూ మూసిన తలుపు వెనక ఒంటరిగా ఉండకూడదు. ఇది మొదటిరోజే అందరి ముందూ చెప్పాల్సిన నియమం.

సమయం 75 నిమిషాలు. గంటన్నర పెడితే చివరి పదిహేను నిమిషాలు పిల్లల్ని అదుపు చేయడంతోనే సరిపోతుంది. వచ్చినవాళ్లు వచ్చినట్టు బొమ్మ గీసుకోవడానికి 10 నిమిషాలు, పాట 10, ఈ నెల గుణాన్ని పనిగా చెప్పే మాట నేర్చుకోవడం 5, కథ 10, కథలోని పనిని ఆడి చూపడం 10, కదిలే ఆట 15, చేతిపని 10, చివరి 5 నిమిషాలు అందరూ కలిసి గది సర్దడం. ఆ సర్దడాన్ని మీరు తర్వాత చేసుకుంటామని వదిలేయకండి. క్లాసు మొత్తంలో గుణం నిజంగా పనిలో కనబడేది అక్కడే.

పది మందికి సామాను: ఏ4 కాగితాలు 20, క్రేయాన్ల పెట్టెలు 3, మొండి మొనల కత్తెరలు 4, జిగురు సీసాలు 3, ఒక పాత దుప్పటి, ఒక మెత్తటి బంతి, చిన్న చీపుర్లు 2, తుడిచే గుడ్డలు 4. పది మందికి కత్తెరలు నాలుగేమిటి, పొరపాటున రాశారా అనుకోకండి. తలా ఒకటి ఇస్తే అడగడం, ఆగడం, అందించడం అనే మూడు పనులకూ అవకాశం పోతుంది. ఒక కత్తెర దగ్గర ముగ్గురు మించితే మాత్రం ఓర్పు రాదు, కొట్లాట వస్తుంది.

మా క్లాసులో పిల్లలు "ఓర్పు అంటే సహనంతో ఉండటం" అని గడగడా అప్పజెబుతారు. రెండు నిమిషాల తర్వాత నీళ్ల దగ్గర తోసుకుంటారు. ఎక్కడ తప్పు చేస్తున్నాం? – రిటైరైన ఉపాధ్యాయుడు

అప్పజెప్పించడం దగ్గరే. ఓర్పుకి సహనమని అర్థం చెబితే పిల్లకి ఒక మాట బదులు రెండు మాటలు వచ్చాయి, అంతే. నిర్వచనం పెద్దవాళ్ల ఆనందం కోసం.

మాట తెలిసినంత మాత్రాన నడవడి రాదనే సంగతి కొత్తదేమీ కాదు. హ్యూ హార్ట్‌షోర్న్, మార్క్ మే అనే ఇద్దరు పరిశోధకులు 1920లలో అమెరికాలో దాదాపు 11 వేల మంది బడిపిల్లలకు మోసం చేసే, దాచుకునే, పంచుకునే సందర్భాలు కల్పించి చూశారు. పరీక్షలో చూసి రాయని పిల్లే ఆటలో మోసం చేసింది. నీతి పాఠాలు విన్నంత మాత్రాన నడవడిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నిజాయితీ అనేది లోపల ఎక్కడో నింపుకునే పదార్థం కాదు, ఒక్కో సందర్భంలో ఒక్కో పనిగా అలవడాలి అనేదే మనకు పనికొచ్చే సారం.

కాబట్టి ప్రతి గుణాన్నీ ఒక పనిగా మార్చండి. ఆ పనికి మూడు పరీక్షలు. కంటికి కనబడాలి. ఐదేళ్ల పిల్ల ఎవరి సాయమూ లేకుండా చేయగలగాలి. వారంలో కనీసం నాలుగైదుసార్లు చేసే అవకాశం రావాలి. ఓర్పు: "నా వంతు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడతాను." మర్యాద: "ఎదుటివాళ్ల మాట అయ్యాక మాట్లాడతాను." బాధ్యత: "తీసిన వస్తువు తీసిన చోటే పెడతాను." దయ: "ఒక్కరే కూర్చున్నవాళ్లని ఆటకు పిలుస్తాను." నిజాయితీ: "'నేనే చేశాను' అని చెబుతాను." ఇందులో "అబద్ధం ఆడకూడదు", "గొడవ చేయకూడదు" లాంటివి లేకపోవడం గమనించండి. చేయకపోవడాన్ని పిల్ల అభ్యాసం చేయలేదు, మీరు చూసి మెచ్చుకోనూ లేరు.

ఒక్కో గుణానికి నాలుగు వారాలివ్వండి. వారానికొక కొత్త గుణమంటే జాబితా పూర్తవుతుంది, అలవాటు మిగలదు. మొదటివారం కథలో ఆ పనిని చూస్తారు. రెండోవారం ఆడి చూపుతారు. మూడోవారం కష్టమైన రూపంలో చేస్తారు: బాగా దాహం వేసినప్పుడు వరుసలో ఆగడం, ఇష్టమైన రంగు పక్కవాడి చేతిలో ఉన్నప్పుడు అడగడం. నాలుగోవారం గది దాటి బయటికి. ఒక ముసలాయనకు పేపరు చదివి వినిపించడం, అందరూ నడిచే మెట్లు ఊడవడం లాంటి అరగంట పని.

రెండోవారం ఆడి చూపేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఒక పిల్లతో తప్పు చేయించి, ఇంకో పిల్లతో ఒప్పు చేయిస్తారు. తోసేసే పాత్ర వేసినవాడికి అందరూ నవ్వుతారు. వరుసలో నిలబడ్డవాడిని ఎవరూ చూడరు. ఇంటికి వెళ్లేటప్పుడు పది మందికీ గుర్తుండేది తోసేసినవాడే. తప్పు పాత్ర ఎప్పుడూ పెద్దవాళ్లే, కాస్త పొడిపొడిగా, నవ్వు రాకుండా వేయాలి. ఒప్పు పాత్ర ప్రతి పిల్లా ఒకసారి వేయాలి. పది మందికి పది నిమిషాలు చాలు.

ఇక నీళ్ల దగ్గర తోపులాట. అక్కడ ఓర్పు గురించి మాట్లాడకండి. ముందు నేల మీద సుద్దతో పది పాదాల గుర్తులు గీయండి. ఎక్కడ నిలబడాలో తెలియకపోవడం వల్లే సగం తోపులాట జరుగుతుంది. అన్నిటినీ గుణలోపంగా చూడనక్కర్లేదు.

ఏ గుణంతో మొదలుపెట్టాలి? నిజాయితీ అన్నిటికంటే ముఖ్యం కదా?

ముఖ్యమే, అందుకే ముందు వద్దు. "నేనే చేశాను" అని చెప్పాలంటే ఎదుటి మనిషి మీద భయం పోయి ఉండాలి. మీరు పిల్లలకు కొత్త. బాధ్యతతో మొదలుపెట్టండి, అది వస్తువులతో పని కాబట్టి తేలిక. తర్వాత మర్యాద, ఓర్పు, సాయం, దయ. ఆరో నెలకు నిజాయితీ. ఈలోపు ఎవరైనా నీళ్లు ఒలకబోస్తే మీరు గుడ్డ అందించి ఊరుకుంటారా, విసుక్కుంటారా అనేది పిల్లలు లెక్కపెట్టుకునే ఉంటారు.

కథ చెప్పాక "ఇందులో నీతి ఏమిటి?" అని అడిగితే పిల్లలు ఏదో ఒకటి చెప్పేస్తున్నారు. ఒకసారి "అడవికి వెళ్లకూడదు" అన్నారు! జంతువుల కథలు చెప్పడం మానేయాలా? – ఇద్దరు పిల్లల తల్లి

ఆ పిల్లలు చెప్పింది తప్పేం కాదు, కథలో ప్రమాదం అడవిలోనే ఉంది మరి. ఐదారేళ్ల పిల్ల కథలో ఏం జరిగిందో పట్టుకుంటుంది, దానిలోంచి సూత్రం తీయడం ఇంకా చేతకాదు. నీతి అడగడం మానేయండి.

జంతువుల కథల మీద 2017లో టొరంటోలో ఒక ప్రయోగం అచ్చయింది. 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకు పంచుకోవడం గురించి ఒకే కథను కొందరికి మనుషుల బొమ్మలతో, కొందరికి మనుషుల్లా బట్టలేసుకున్న జంతువుల బొమ్మలతో చదివి వినిపించారు. తర్వాత తమ స్టిక్కర్లను పంచుకోమంటే మనుషుల కథ విన్నవాళ్లు ముందుకంటే ఎక్కువ ఇచ్చారు, జంతువుల కథ విన్నవాళ్లు ఇవ్వలేదు. నక్క గుణం నక్కదే అనుకున్నారో ఏమో. అలాగని కుందేళ్లనీ తాబేళ్లనీ బహిష్కరించక్కర్లేదు, వాటిని సరదాకి చెప్పుకోండి. ఈ నెల గుణానికి మాత్రం పిల్లల వయసే ఉన్న మనుషుల కథ ఎంచుకోండి.

ఇంకోటి, కథ భయంతో ముగుస్తోందా, ఊరటతో ముగుస్తోందా చూడండి. 2014లో అచ్చయిన ఒక పరిశోధనలో 3 నుంచి 7 ఏళ్ల పిల్లల్ని ఒక బొమ్మ వైపు తొంగి చూడొద్దని చెప్పి గదిలో వదిలారు. తర్వాత కథ చెప్పి, చూశావా అని అడిగారు. అబద్ధమాడితే ముక్కు పొడుగయ్యే చెక్కబొమ్మ కథా, మనం 'నాన్నా పులి' అని చెప్పుకునే కథా విన్నవాళ్లలో నిజం చెప్పేవాళ్లు పెరగలేదు. చెట్టు నరికి, ఆ సంగతి తండ్రితో చెప్పి, మెప్పు పొందిన జార్జి వాషింగ్టన్ (అమెరికా మొదటి అధ్యక్షుడు) కథ విన్నవాళ్లలో పెరిగారు. ఆ కథ చారిత్రకంగా కట్టుకథే, పిల్లల మీద పనిచేసింది మాత్రం నిజం. అదే కథను చివర్లో చెడు ఫలితం వచ్చేలా మార్చి చెబితే ఆ ప్రభావం కనబడలేదు. అబద్ధానికి శిక్ష చూపించే కథకంటే నిజానికి ఆదరణ చూపించే కథ మేలు. మన నోట అలవాటైన నీతికథల్లో మొదటి రకమే ఎక్కువ, కాబట్టి వెతుక్కోవాల్సి వస్తుంది, లేదా మీరే అల్లుకోవాలి.

అల్లుకునే కొలత ఇదీ: ఇద్దరు మనుషులు, ఒక వస్తువు, ఒక ఇబ్బంది, ఒక పని, ఆ పని తర్వాత ఎదుటివాళ్ల ముఖం ఎలా మారిందో ఒక్క వాక్యం. చదవకుండా చెబితే ఏడు నిమిషాలు. ముగించాక మూడు ప్రశ్నలు: "ముందు ఏం జరిగింది?", "అప్పుడు ఆ పిల్లకి ఎలా అనిపించి ఉంటుంది?", "తను ఏం చేసింది?" మూడోదానికి జవాబు ఈ నెల పనే అవుతుంది. వెంటనే లేచి ఆడి చూపడమే, మధ్యలో ఉపన్యాసం వద్దు.

మంచి పని చేసినప్పుడల్లా చార్టులో నక్షత్రం అంటించి, పది నక్షత్రాలకి ఒక బహుమతి ఇస్తున్నాం. మొదట బాగా పనిచేసింది. ఇప్పుడు "దీనికి నక్షత్రం ఇస్తారా?" అని అడిగాకే కుర్చీ జరుపుతున్నారు. – అపార్ట్‌మెంట్ మహిళా బృందం

చార్టు సరిగ్గా పనిచేసింది కాబట్టే ఇలా అయింది. నక్షత్రం సంపాదించడం నేర్పారు, వాళ్లు నేర్చుకున్నారు.

1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్‌బెట్ అనే మనస్తత్వవేత్తలు స్కెచ్ పెన్నులతో బొమ్మలు గీయడం ఎలాగూ ఇష్టపడే చిన్నపిల్లల్ని మూడు జట్లు చేశారు. గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని మొదటి జట్టుకి ముందే చెప్పారు. రెండో జట్టుకి చెప్పకుండా ఇచ్చారు. మూడో జట్టుకి ఏమీ లేదు. వారం, రెండు వారాల తర్వాత పెన్నులు మళ్లీ బల్ల మీద పెడితే, ముందే ఆశ చూపించిన జట్టు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే గీసింది. 2008లో ఇంకా చిన్నవాళ్ల మీద, 20 నెలల పిల్లల మీద చూశారు. కిందపడ్డ వస్తువు అందించినందుకు ఆటవస్తువు ఇస్తూ పోతే, తర్వాత ఏమీ ఇవ్వనప్పుడు వాళ్ల సాయం తగ్గింది. నోటిమాటతో మెచ్చుకుంటే తగ్గలేదు.

రేపే చార్టు చింపేయకండి, అది పిల్లలకు అన్యాయంగా తోస్తుంది. ఇప్పటిదాకా ఉన్న నక్షత్రాలను లెక్కపెట్టి, బాకీ ఉన్న బహుమతులు ఒకేరోజు ఇచ్చేసి, "చార్టు నిండింది, అయిపోయింది" అని చెప్పండి. తర్వాత మూడు వారాలు మందకొడిగా ఉంటుంది. సర్దే పని సగంలో ఆగిపోతుంది. నక్షత్రాలు అడుగుతారు. ఓపిక పట్టండి, ఆ మూడు వారాల్లో మళ్లీ చార్టు తెచ్చారా, ఇక దాన్ని వదిలించుకోలేరు.

దాని బదులు చూసింది చూసినట్టు చెప్పండి. "నువ్వు చాలా మంచి పిల్లవి" అనొద్దు. "పక్కనున్న చెల్లికి ఎరుపు రంగు కావాలని చూసి, నీది అయ్యేలోపే ఇచ్చావు. తన సూర్యుడు పూర్తయింది." చేసిన పని, దానివల్ల ఎదుటివాళ్లకి కలిగింది, రెండే ముక్కలు. చివరి ఐదు నిమిషాల్లో ఒకరి గురించి ఒకరిని చెప్పమనండి: "ఇవాళ నాకు ఎవరు సాయం చేశారు?" తన గురించి తాను చెప్పుకోవడం కాదు, అదొక్కటి గట్టిగా పట్టుకోండి. లేకపోతే మళ్లీ నక్షత్రాల సంతే, నోటితో.

ఏడేళ్ల పిల్లాడొకడు ప్రతివారం ఎవరినో ఒకరిని కొడుతున్నాడు. మిగతా తల్లిదండ్రులు వాడిని రానివ్వొద్దంటున్నారు. – కళాశాల విద్యార్థిని

ముందు రెండు వారాలు ఏమీ మార్చకుండా రాయండి: ఎన్ని గంటలకు కొట్టాడు, అంతకు ముందు నిమిషంలో ఏం జరిగింది, పక్కన ఎవరున్నారు, తర్వాత ఏం దక్కింది. సాధారణంగా ఒక వరుస బయటపడుతుంది. కథ అయిపోయి ఆటకు లేచే మధ్య ఖాళీలోనో, ఆటలో ఓడి బయట కూర్చోవాల్సి వచ్చినప్పుడో, ఆకలిగా వచ్చిన రోజునో. ఖాళీలోనైతే ఆ నిమిషానికి వాడికి దుప్పటి పరిచే పని ఇవ్వండి. ఓడినప్పుడైతే అవుటయ్యే ఆటలే ఆపండి. కుర్చీలాటనే తిరగేసి ఆడించవచ్చు: పాట ఆగినప్పుడల్లా కుర్చీ తగ్గుతుంది, మనిషి తగ్గడు. ఎనిమిది మంది నాలుగు కుర్చీల్లో ఇరుక్కుని కూర్చోవాలి. నాలుగు కంటే తగ్గించొద్దు, పడతారు. కుర్చీలు గోడకు ఆనించి ఉండాలి. దుప్పటి అంచులు అందరూ పట్టుకుని మధ్యలో బంతిని ఎగరేస్తూ కింద పడకుండా ఇరవై లెక్కపెట్టడం ఇంకోటి. ఎవరో ఒకరు గట్టిగా లాగితే అందరి బంతీ పోతుంది, కాబట్టి మీరు చెప్పేలోపే పిల్లలే ఒకరికొకరు చెప్పుకుంటారు.

కొట్టిన క్షణంలో మీ మాటలు పది దాటకూడదు. ఇద్దరి మధ్యకూ వెళ్లి, "చేతులు కిందికి. కొడితే నొప్పి పుడుతుంది" అని, ముందు దెబ్బ తిన్న పిల్ల దగ్గర కూర్చోండి. కొట్టినవాడు మీతో ఉన్న రెండో పెద్దవాళ్లతో పాటు పక్కకు, గది బయటికి కాదు. ఐదు నిమిషాలు గడిచి ఊపిరి కుదుటపడ్డాక, "తనకి ఇప్పుడు ఏం చేస్తే బాగుంటుంది?" అని అడగండి. తడిగుడ్డ తేవడమో, కూలిన బొమ్మ మళ్లీ కట్టడమో వాడే చెబుతాడు. బలవంతాన "సారీ" చెప్పించకండి. అది కొట్టినవాడికి తప్పించుకునే టిక్కెట్టు, తిన్నవాళ్లకి అవమానం.

"నువ్వు మా హెల్పర్‌వి" లాంటి బిరుదుల సంగతి కూడా చెప్పాలి. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు 'సాయం చేయడం' అని కాకుండా 'సాయం చేసే మనిషివి కావడం' అన్నట్టు చెబితే ఎక్కువ సాయం చేశారు. ఇది చదివిన పెద్దవాళ్లు చాలామంది అక్కడితో ఆగారు. తర్వాత 2018లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, సాయం చేయబోయి ఏదో ఒలకబోసి విఫలమయ్యాక, బిరుదు ఇచ్చిన పిల్లలే ఎక్కువ వెనకడుగు వేశారు. నేను ఆ మనిషిని కానేమో అన్న అనుమానం కాబోలు. తరచూ తడబడే మీ ఏడేళ్లవాడికి బిరుదు వద్దు, పని చాలు.

ఇక తల్లిదండ్రుల మాట: వాడిని పంపించేస్తే దయ గురించి మిగతా తొమ్మిది మందికీ మీరు నేర్పేది ఒకే ఒక్క పాఠం. అయినా మిగతా పిల్లల క్షేమం మీ బాధ్యత. నాలుగు వారాల గడువు పెట్టండి. ఆ నాలుగు వారాలూ వాడి ఇంటి మనిషి ఒకరు క్లాసులో కూర్చోవాలి. అయినా ఎవరికైనా గట్టి దెబ్బ తగిలితే కొంతకాలం విడిగా, ఇద్దరు ముగ్గురు పిల్లలతో కలిపి వాడిని అరగంట కూర్చోబెట్టండి.

నా సొంత కూతురు నా క్లాసులోనే ఉంది. మొండికేస్తోంది.

మీ ఇంటికి పదిమంది వచ్చి మీ ఒడి లాక్కున్నారు, మొండికేయదూ! ఆ 75 నిమిషాలూ తన బాగోగులు మీతో ఉన్న రెండో పెద్దవాళ్లు చూడాలి. పిల్లలొచ్చేముందు పదిహేను నిమిషాలు మీరూ తనూ కలిసి చాపలు పరవండి. పంచుకోవడానికి ఇష్టంలేని రెండు మూడు బొమ్మలు ముందే బీరువాలో దాచుకోనివ్వండి.

వేర్వేరు మతాల పిల్లలున్నారు. ప్రార్థన ఉండాలా? – ఒక తండ్రి

ప్రార్థన ఉంటే ఇళ్లకు వెళ్లినప్పుడే ఆ మాట చెప్పండి, ఏ ప్రార్థనో చదివి వినిపించండి. తర్వాత తెలిసిందంటే నమ్మకం పోతుంది, క్లాసు పోతుంది. అభ్యంతరమున్నచోట రెండు నిమిషాల మౌనం సరిపోతుంది: కళ్లు మూసుకుని బయటి చప్పుళ్లు మూడు లెక్కపెట్టడం. ఐదేళ్లవాళ్లకి ఒక నిమిషమే.

ఒక పాప బొమ్మ గీస్తూ ఇంట్లో తనని కొడతారని, "ఎవరికీ చెప్పొద్దు" అని అంది. ఏం చేయాలో తెలియక ఊరుకున్నాను. – పేరు వద్దు

ఊరుకోవద్దు. ఇది క్లాసు నడిపే ప్రతివాళ్లకీ ముందే తెలిసి ఉండాల్సిన సంగతి. రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకండి. "నువ్వు చెప్పడం మంచిదైంది. ఇది నీ తప్పు కాదు. నీకు సాయం చేయగలవాళ్లకి నేను చెప్పాలి" అనండి. గుచ్చిగుచ్చి అడగకండి. "నాన్న కొట్టాడా?" లాంటి ప్రశ్న మీ మాటను పిల్ల నోట పెడుతుంది, తర్వాత విచారణలో పిల్లకే నష్టం. పాప వెళ్లగానే తను అన్న మాటలు అన్నట్టే, తేదీ, సమయంతో రాసిపెట్టండి. ఆరోపణ ఉన్న మనిషితో మీరు మాట్లాడటానికి వెళ్లొద్దు, ఆ రాత్రి దెబ్బలు పిల్లకే పడతాయి. మీ ప్రాంతంలో పిల్లల రక్షణ చూసే అధికారులకు లేదా హెల్ప్‌లైన్‌కు ఆ రోజే చెప్పండి. వెంటనే ప్రమాదం ఉందనిపిస్తే పోలీసులకు. రుజువు చేయడం మీ పని కాదు, తెలియజేయడమే మీ పని. ఆలస్యమైందని ఆగకుండా, ఈ జవాబు చదివిన రోజే చెప్పండి. మీతో పాటున్న రెండోవాళ్లకి తప్ప ఇరుగుపొరుగులో ఇంకెవరికీ చెప్పొద్దు. వచ్చేవారం పాప వస్తే మామూలుగానే పలకరించండి.

ఏడాది అయింది. పిల్లలు మారారో లేదో ఎలా తెలుస్తుంది? పరీక్ష పెట్టమని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. – ఇద్దరు స్నేహితురాళ్లు

పరీక్ష పెడితే మళ్లీ "ఓర్పు అంటే సహనం" దగ్గరికే వస్తారు. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. క్లాసు అయిన వెంటనే, చాపలు చుట్టకముందే, ఇద్దరూ కలిసి పది నిమిషాలు రాయాలి. ఒక్కో పిల్లకి ఒక పేజీ, వారానికి ఒకటి రెండు వాక్యాలు, చూసింది మాత్రమే. "మొండిది" అని రాయకూడదు, "జిగురు సీసా రెండుసార్లు అడిగినా ఇవ్వలేదు" అని రాయాలి. పదిమందిలో ముగ్గురి గురించి ప్రతివారం రాయడానికి ఏమీ దొరకదు. వాళ్లు మంచి పిల్లలని కాదు, మీరు వాళ్లని చూడలేదని. వచ్చేవారం ముందు వాళ్లని చూడండి.

మూడు నెలలకోసారి ఆ పేజీలు వెనక్కి తిప్పండి. మీరు చెప్పకుండా జరిగిన పనుల కింద గీత గీయండి. మొదటి నెలలో సర్దడానికి మీరు ఎన్నిసార్లు పిలవాల్సి వచ్చింది, ఇప్పుడు ఎన్నిసార్లు? కత్తెర కోసం మీ దగ్గరికి ఫిర్యాదుకొచ్చేవాళ్లు ఇప్పుడు నేరుగా ఒకరినొకరు అడుగుతున్నారా? కొత్తగా చేరిన పిల్లకి చెప్పులు ఎక్కడ విడవాలో చూపించింది మీరా, వాళ్లా? ఇళ్లకు వెళ్లినప్పుడు "మీవాడు బాగుపడ్డాడా?" అని అడగకండి, మొహమాటానికి అవునంటారు. "ఈ నెల పని, తీసిన చోటే పెట్టడం, ఇంట్లో ఎప్పుడైనా చూశారా?" అని అడగండి. చూడలేదంటే ఇంట్లో ఆ వస్తువుకి ఒక చోటు ఉందో లేదో అడగండి. పుస్తకాల సంచికి ఒక మేకు కూడా లేని ఇంట్లో పిల్ల ఎక్కడ తగిలిస్తుంది?

పరీక్ష అడిగిన తల్లిదండ్రులకి మార్కులకు బదులు ఆ నోటుపుస్తకంలోంచి నాలుగు వాక్యాలు చదివి వినిపించండి, వాళ్ల పిల్ల పేజీలోవి మాత్రమే. పక్క పేజీ తిప్పమంటారు. తిప్పకండి.